పల్స్ తగ్గింది: ఫిట్‌నెస్ పెరిగిందా, ఒళ్లు అలిసిందా?

అదే రూటు, అదే వేగం. మూడు వారాల కిందట ఆ వేగంలో ఒక రన్నర్ గుండె నిమిషానికి 158 సార్లు కొట్టుకునేది, ఇప్పుడు 150కి దిగింది. ఆ అంకె చూసినవాళ్లు ఎవరైనా ట్రైనింగ్ బాగా పనిచేస్తోందనే అంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ మూడు వారాలూ ట్రైనింగ్ మామూలుకంటే బాగా బరువుగా నడిచి ఉంటే మాత్రం అంత త్వరగా సంబరపడటానికి లేదు. అలసట లోలోపల పేరుకుపోయిన శరీరం కూడా అచ్చం ఇలాగే తక్కువ పల్స్ చూపిస్తుంది.

క్రీడాకారుల అలసటను హార్ట్ రేట్‌తో కనిపెట్టే పనిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొలవడానికి ఇప్పుడు కష్టమేమీ లేదు. ఫిన్లాండ్ కంపెనీ పోలార్ 1982లో తొలి వైర్‌లెస్ హార్ట్ రేట్ మానిటర్‌ను తెచ్చింది. అప్పట్లో అది పెద్ద టీములకే అందే వస్తువు. ఇప్పుడు చేతికి వాచ్ ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా రోజంతటి పల్స్ లెక్క ఉంటోంది. అంకెలకు కొదవ లేదు. అంకె ఎటు కదిలితే మంచిది, ఎటు కదిలితే చెడ్డది అన్నదానికే ఒక్క మాటలో జవాబు దొరకదు. గత కొన్ని వారాల్లో ట్రైనింగ్ ఎంత పడింది, ఆ మనిషికి ఎలా అనిపిస్తోంది అన్న రెండు సంగతులూ పక్కన పెట్టుకుని చూసినప్పుడే హార్ట్ రేట్‌కు అర్థం వస్తుంది.

పొద్దుటి పల్స్ లెక్క

గుండెలో లయ పుట్టే చోటును సైనస్ నోడ్ అంటారు. నరాల ప్రభావం ఏమీ లేకుండా దాని మానాన దాన్ని వదిలేస్తే యువకుల్లో అది నిమిషానికి సుమారు 100 సార్లు గుండెను కొట్టిస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి పల్స్ 60, 70 దగ్గర ఉంటోందంటే, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి ఎప్పుడూ బ్రేకు తొక్కిపట్టి ఉంచడమే కారణం. వ్యాయామం మొదలవగానే ముందు ఆ బ్రేకు వదులవుతుంది. ఆ పైన పల్స్‌ను ఇంకా ఎక్కించే పని ఒత్తిడిలో ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నరాలది, రక్తంలో పెరిగే అడ్రినలిన్‌ది. ఏళ్ల తరబడి దూరపు పరుగు, సైక్లింగ్ చేసినవాళ్లలో విశ్రాంతి పల్స్ 40ల్లోకి, కొందరిలో ఇంకా కిందికి దిగుతుంది. దానికి వేగస్ ఒక్కటే కారణం కాదని, సైనస్ నోడ్‌లోనే మార్పు వస్తుందని కూడా పరిశోధనలు చూపించాయి.

ఈ నరాల సంగతి వల్లే కోచ్‌ల మధ్య పాత నియమం ఒకటి పుట్టింది. పొద్దున లేవగానే పల్స్ చూసుకోవాలి, మామూలుకంటే అయిదారు ఎక్కువ ఉంటే ఆ రోజు కష్టమైన ట్రైనింగ్ మానుకోవాలి. శరీరం ఒత్తిడిలో ఉంటే సింపథెటిక్ వైపు మొగ్గుతుంది కాబట్టి పల్స్ ఎక్కుతుందని దాని వెనకున్న తర్కం. జ్వరం వచ్చే ముందు, సరిగా నిద్ర పట్టని రాత్రి తర్వాత, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ నియమం బాగానే పనిచేస్తుంది. ట్రైనింగ్ వల్ల నెమ్మదిగా పేరుకునే అలసట దగ్గరికి వచ్చేసరికే బోల్తా కొడుతుంది.

పరిశోధకుడు లోరాన్ బోస్కే బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2008లో ఒక విశ్లేషణ ప్రచురించింది. ట్రైనింగ్ భారం రెండు వారాల లోపే పెంచి ఆపితే విశ్రాంతి పల్స్ ఒక మోస్తరుగా పెరుగుతుంది, గరిష్ఠ పల్స్ తగ్గుతుంది. అదే భారం రెండు వారాలు దాటి కొనసాగితే విశ్రాంతి పల్స్‌లో చెప్పుకోదగ్గ మార్పే కనిపించదు, వ్యాయామంలో పల్స్ మాత్రం కొద్దిగా తగ్గుతుంది. పైగా ఈ మార్పులన్నీ మామూలుగా రోజుకూ రోజుకూ వచ్చే తేడాల్లో కలిసిపోయేంత చిన్నవి. అంటే నిజంగా భయపడాల్సిన అలసట వచ్చే సమయానికి పొద్దుటి పల్స్ నోరు మూసుకుంటుంది. ఒక్క పొద్దుటి పల్స్ మీదే ఆధారపడి నెలల ట్రైనింగ్ ప్లాన్ నడపడం సరికాదనడానికి ఈ ఒక్క విశ్లేషణ చాలు.

బీటుకూ బీటుకూ మధ్య

అందుకే గత పాతికేళ్లలో చూపు సగటు పల్స్ మీది నుంచి బీట్ల మధ్య విరామం మీదికి మళ్లింది. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె సరిగ్గా సెకనుకోసారి కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఈ హెచ్చుతగ్గులనే హార్ట్ రేట్ వేరియబిలిటీ, పొట్టిగా హెచ్‌ఆర్‌వీ అంటున్నారు. వేగస్ నాడి ప్రభావం ఎంత చురుగ్గా ఉంటే ఈ తేడా సాధారణంగా అంత ఎక్కువగా ఉంటుంది.

లెక్క చేసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరి గుండెలో వరుసగా నాలుగు విరామాలు 1000, 1060, 980, 1040 మిల్లీసెకన్లు అనుకుందాం. ఇంకొకరిలో 1010, 1030, 1015, 1025. ఇద్దరికీ సగటు 1020 మిల్లీసెకన్లే, అంటే పల్స్ ఇద్దరికీ దాదాపు 59. ఇప్పుడు పక్కపక్క విరామాల మధ్య తేడాలు తీసి, వాటిని వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీస్తే మొదటివారికి సుమారు 67, రెండోవారికి సుమారు 16 వస్తుంది. ఈ అంకె పేరు ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. పల్స్ ఒకటే అయినా వేగస్ పనితీరు ఒకేలా లేదన్నమాట. నాలుగు బీట్లతో నిజంగా ఎవరూ లెక్క కట్టరు. యూరప్, ఉత్తర అమెరికా హృద్రోగ సంఘాలు 1996లో కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో అయిదు నిమిషాల రికార్డింగ్ అడిగారు. క్రీడాకారుల్లో ఈ ఒక్క అంకె వరకూ నిమిషం సరిపోతుందని తర్వాత తేలింది. ఫోన్ యాప్‌లు నిమిషంలో పని ముగించేది ఆ ధైర్యంతోనే.

నిమిషం రికార్డింగ్‌లో ఓ ప్రమాదం కూడా ఉంది. మధ్యలో సెన్సర్ ఒక్క బీటును వదిలేసిందనుకుందాం. రెండు విరామాలు కలిసిపోయి 1020 బదులు 2040 అని పడుతుంది. ఆ ఒక్క తప్పుతో 30 ఉండాల్సిన ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 180 దాటిపోతుంది. మధ్యలో ముందుగా పడే అసహజమైన బీటు, అంటే ఎక్టోపిక్ బీట్, వచ్చినా ఇదే గొడవ. ఛాతీకి కట్టుకునే బెల్ట్ గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది కాబట్టి తప్పులు తక్కువ. మణికట్టు వాచ్ చర్మం కింద రక్తం కదలికను వెలుతురుతో చూస్తుంది, చెయ్యి కదిలితే తడబడుతుంది. కదలకుండా పడుకున్నప్పుడు, నిద్రలో వాచ్‌లు ఫరవాలేదు. ఇంటర్వల్స్, అంటే కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా, పరుగెత్తేటప్పుడు వాటి బీటు విరామాలను నమ్ముకోవడం దండగ.

ఒక్క రోజు అంకెను పట్టించుకోవద్దు

హెచ్‌ఆర్‌వీతో చాలామందికి విసుగు పుట్టేది ఇక్కడే. ఈ రోజు 72, రేపు 51, ఎల్లుండి 66. రాత్రి ఆలస్యంగా తిన్నా, మద్యం తాగినా, పొద్దున్నే ఏదో టెన్షన్‌తో లేచినా అంకె కిందికి జారుతుంది. ట్రైనింగ్‌కు దీంతో సంబంధమే ఉండకపోవచ్చు.

మంచి మార్గం చూపిన పరిశోధకుల్లో డేనియల్ ప్లూస్, పాల్ లార్సెన్, మార్టిన్ బుషేయిల పేర్లు ముందు చెప్పుకోవాలి. రోజువారీ అంకెకు సహజ లాగరిథమ్ తీసి, దానికి వారం రోజుల సగటు కట్టి, ఆ సగటు ఎటు పోతోందో చూడమన్నారు. వారంలో కనీసం మూడు రోజుల కొలతలున్నా సగటు నిలబడుతుందని శిక్షణ పొందిన క్రీడాకారుల్లో వాళ్లు చూపించారు. పోలిక ఎప్పుడూ ఆ మనిషి సొంత పాత అంకెలతోనే చేయాలి. ఒకరికి 40 మామూలు, ఇంకొకరికి 110 మామూలు. టీమ్‌లో ఎవరిది ఎక్కువో ర్యాంకులు కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మామూలుగా ఉండే హెచ్చుతగ్గులను, గణితంలో చెప్పాలంటే ప్రామాణిక విచలనాన్ని, ముందుగా కొన్ని వారాలు తేలికపాటి ట్రైనింగ్‌లో తెలుసుకోవాలి. వారం సగటు ఆ విచలనంలో సగానికి మించి కదిలితే అప్పుడు ఆలోచించాలి.

కొలిచే పద్ధతి మాత్రం మార్చకూడదు. నిద్ర లేచాక, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీకి ముందు, రోజూ ఒకే భంగిమలో. విశ్రాంతి పల్స్ బాగా తక్కువగా ఉండేవాళ్లకు పడుకుని కొలిస్తే ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. వేగస్ ప్రభావం ఒక హద్దు దాటాక బీట్ల మధ్య తేడా పెరగడం ఆగి, తగ్గడం మొదలవుతుంది. దాన్ని సాచురేషన్ అంటారు. వాళ్లలో హెచ్‌ఆర్‌వీ తగ్గినా అలసట అనుకోవడానికి లేదు. ఇలాంటివాళ్లు నిలబడి కొలుచుకుంటే ఆ సమస్య చాలావరకు తీరుతుంది.

తిరగబడే సంకేతం

ఇక మొదట్లో చెప్పిన రన్నర్ దగ్గరికి వద్దాం. ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైనది, కోచ్‌లు అన్నిటికంటే ఎక్కువగా పొరపడేది ఇదే.

యూరోపియన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్ సైన్స్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2013లో ఉమ్మడిగా ఒక ప్రకటన ఇచ్చాయి. అందులో అలసటను మూడు మెట్లుగా చూశారు. కొన్ని రోజులు, వారాల విశ్రాంతితో తేరుకుని ముందుకంటే మెరుగయ్యేది ఫంక్షనల్ ఓవర్‌రీచింగ్. తేరుకోవడానికి వారాలు, నెలలు పట్టి, లాభమేమీ మిగలనిది నాన్ ఫంక్షనల్ ఓవర్‌రీచింగ్. ఆ తర్వాతిది, ఇంకా ఎక్కువ కాలం తేరుకోలేనిది ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్. ఒక్క రక్త పరీక్షో, ఒక్క హార్ట్ రేట్ కొలతో చూసి ఇది ఏ మెట్టో చెప్పేయడం కుదరదని కూడా ఆ ప్రకటనలో ఉంది.

అదే ఏడాది ఫ్రాన్స్‌లో యాన్ లె మ్యూర్ బృందం ట్రయాథ్లెట్లకు, అంటే ఈత, సైక్లింగ్, పరుగు మూడూ కలిపి పోటీపడేవాళ్లకు, మూడు వారాల పాటు ట్రైనింగ్ భారం బాగా పెంచి, రోజూ హెచ్‌ఆర్‌వీ కొలిచింది. పాత తర్కం ప్రకారం అలసిపోయినవాళ్లలో అది పడిపోవాలి. వారం సగటులు చూస్తే పెరిగింది, విశ్రాంతి పల్స్ తగ్గింది. పనితీరు దిగజారిన మనుషుల్లో వేగస్ ప్రభావం అతిగా ఎక్కువైంది. 2015లో ఆబ్రీ బృందం ఇంకో సంగతి చూపించింది. ఓవర్‌రీచింగ్‌లో ఉన్నవాళ్లకు వ్యాయామం ఆపాక పల్స్ మునుపటికంటే త్వరగా దిగుతుంది. పల్స్ త్వరగా దిగడం ఫిట్‌నెస్‌కు గుర్తని అంతా చెప్పుకునే మాట. తెలియనివాళ్ల చేతిలో ఈ అంకెలు పెడితే ఇంకాస్త ట్రైనింగ్ వెయ్యండని చెప్పేస్తారు.

ఇలా ఎందుకు జరుగుతుందనడానికి రెండు మూడు వివరణలున్నాయి. అడ్రినలిన్ విడుదల తగ్గుతుంది, గుండె దానికి స్పందించే తీరు కూడా మొద్దుబారుతుంది అన్నది ముఖ్యమైనది. గరిష్ఠ పల్స్ తగ్గడం దీనితో పొసుగుతుంది. వారాల తరబడి సాగే సైకిల్ రేసుల చివరి రోజుల్లో రైడర్లు ఎంత తొక్కినా పల్స్ పైకి ఎక్కడం లేదని చెప్పేది ఇదే. ఇంకో కారణం ట్రైనింగ్ వల్ల రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం పెరగడం. అది మంచి మార్పే. ఒక్కో బీటుకు గుండె ఎక్కువ రక్తం పంపగలుగుతుంది కాబట్టి పల్స్ తగ్గుతుంది. మంచి కారణం, చెడ్డ కారణం రెండూ ఒకే అంకెలో కలిసి వస్తాయి. వేరు చేయడానికి అంకె బయటికి చూడక తప్పదు.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో రాబర్ట్ లాంబర్ట్స్, మైక్ లాంబర్ట్ సైక్లిస్టుల కోసం తయారుచేసిన పరీక్ష ఈ పనికి చక్కగా పనికొస్తుంది. గరిష్ఠ పల్స్‌లో 60 శాతం దగ్గర ఆరు నిమిషాలు, 80 శాతం దగ్గర ఆరు, 90 శాతం దగ్గర మూడు నిమిషాలు తొక్కాలి. తర్వాత ఆపేసి, మొదటి నిమిషంలో పల్స్ ఎంత దిగిందో చూడాలి. వార్మప్‌లోనే అయిపోతుంది, ఆ రోజు ట్రైనింగ్ పాడవదు. పల్స్‌ను ఒక చోట నిలిపి, ఆ పల్స్‌కు ఎన్ని వాట్లు (తొక్కుడు శక్తి) వచ్చాయి, ఎంత కష్టమనిపించింది అని అడగడంలోనే దీని తెలివంతా ఉంది. తక్కువ తీవ్రతలో పల్స్ రోజుకూ రోజుకూ బాగా మారుతుంది. 85, 90 శాతం దగ్గర తేడా తక్కువ, సుమారు మూడు బీట్లు. కాబట్టి అక్కడ కనిపించే మార్పును కొంత నమ్మొచ్చు.

ఊహకు ఒక సైక్లిస్టును తీసుకుందాం. మొదటి వారం 90 శాతం పల్స్ దగ్గర 260 వాట్లు, కష్టం 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేల్ మీద 16, ఆపాక నిమిషంలో పల్స్ 38 దిగింది. నాలుగో వారం, భారం బాగా పెంచాక, అదే పల్స్‌కు 272 వాట్లు, పల్స్ దిగడం 46. ఈ రెండూ చూస్తే పండగే. కానీ కష్టం 18 అని చెప్పారు, 90 శాతం దాకా పల్స్‌ను ఎక్కించడానికే కాళ్లు మొరాయించాయి. ఆ మర్నాడు గడియారంతో పోటీపడి తొక్కే టైమ్ ట్రయల్ పెడితే అందులో సగటు వాట్లు పడిపోయాయి. ట్రైనింగ్ తగ్గించి ఒక వారం గడిచాక అదే పరీక్షలో 270 వాట్లు, కష్టం 15, పల్స్ దిగడం 41. వాట్లు దాదాపు నాలుగో వారంలో ఉన్నట్టే ఉన్నాయి. అయితే ఇప్పుడు అవి ఫిట్‌నెస్ తెచ్చిన వాట్లు. తేడా చెప్పింది మూడు అంకెల్లో ఒక్కటే, అదీ మనిషి నోటితో చెప్పింది.

అడిగి తెలుసుకునేది

నోటిమాటకు ఇంత విలువ ఇవ్వడం చాలామంది సాంకేతిక నిపుణులకు రుచించదు. కానీ సా, మెయిన్, గాస్టిన్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన సమీక్ష చెప్పింది కూడా అదే. ట్రైనింగ్ భారం మారినప్పుడు మూడ్, ఒళ్లు నొప్పులు, ఒత్తిడి గురించి క్రీడాకారులు స్వయంగా ఇచ్చే జవాబులు రక్త పరీక్షలు, హార్ట్ రేట్ లాంటి కొలతలకంటే సున్నితంగా, నిలకడగా స్పందించాయి. నోటిమాటకు ఉన్న లోపమల్లా, జట్టులో చోటు పోతుందన్న భయంతో బాగానే ఉన్నానని అబద్ధం చెప్పడానికి వీలుండటం. గుండె అలాంటి అబద్ధం చెప్పదు, చెప్పేది అర్థం కాకపోవచ్చు అంతే. రెండూ కలిపి వాడటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

హెచ్‌ఆర్‌వీని చూసి రోజువారీ ట్రైనింగ్ నిర్ణయించుకోవడం వల్ల లాభం లేకపోలేదు. ఫిన్లాండ్‌లో కివినియెమి బృందం 2007లో చేసిన అధ్యయనంలో, పొద్దుటి హెచ్‌ఆర్‌వీ మామూలుగా ఉన్న రోజునే కష్టమైన పరుగు పెట్టినవాళ్లు, ముందే రాసిపెట్టిన ప్లాన్ ప్రకారం చేసినవాళ్లకంటే గరిష్ఠ వేగంలో ఎక్కువ మెరుగయ్యారు. తర్వాత వచ్చిన ఫలితాలు కొన్ని దీన్ని సమర్థించాయి, కొన్నిట్లో రెండు గుంపుల మధ్య పెద్ద తేడా రాలేదు. వాచ్‌లు పొద్దున్నే చూపించే రెడీనెస్ స్కోర్ సంగతి వేరు. నిద్ర, పల్స్, హెచ్‌ఆర్‌వీ, నిన్నటి నడక అన్నీ కలిపి ఒక్క అంకె చేసేస్తే, లోపల ఏది మారిందో కనిపించకుండా పోతుంది. ఆ స్కోర్‌ను పక్కనబెట్టి, దాని వెనకున్న విడి అంకెలు చూసుకోవడమే మేలు.

వాతావరణాన్నీ మరిచిపోకూడదు. ఎండలో చాలాసేపు ఒకే వేగంతో పరుగెత్తితే పల్స్ దానంతటదే 10, 15 పైకి పాకుతుంది. చెమటతో రక్త పరిమాణం తగ్గడం, రక్తం చర్మం వైపు మళ్లడం అందుకు కారణం. ఎత్తైన ప్రదేశాలకు వెళ్లిన మొదటి రోజుల్లోనూ పల్స్ పెరుగుతుంది. మహిళా క్రీడాకారుల్లో నెలసరి చక్రం రెండో సగంలో విశ్రాంతి పల్స్ కొద్దిగా ఎక్కువగా, హెచ్‌ఆర్‌వీ కొద్దిగా తక్కువగా ఉండటం మామూలే. ఆ తేదీలు రాసుకోకుండా అంకెలు మాత్రమే చూస్తే ప్రతి నెలా లేని అలసట కనిపిస్తుంది. పర్సంటేజీల లెక్కకు 220 నుంచి వయసు తీసేసే సూత్రం వాడటం ఇంకో పొరపాటు. ఒకే వయసువాళ్లలో అసలు గరిష్ఠ పల్స్ ఆ లెక్కకు 10, 12 అటూ ఇటూ ఉండటం సాధారణం.

హార్ట్ రేట్‌కు అసలు కనిపించని అలసట కూడా ఉంది. గట్టిగా స్ప్రింట్‌లు చేసిన మర్నాడు, బరువులెత్తిన మర్నాడు తొడ కండరాలు పట్టేసి, నరాలు కండరాలకు పంపే ఆజ్ఞలో పదును తగ్గి ఉంటుంది. గుండె మాత్రం హాయిగా ఉంటుంది. స్ప్రింటర్లు, వెయిట్‌లిఫ్టర్లు, జంపర్లు నిలబడ్డచోట నుంచి ఎంత ఎత్తు ఎగరగలుగుతున్నారో వారానికి రెండుసార్లు కొలుచుకుంటే పల్స్‌కంటే ఎక్కువ తెలుస్తుంది. ఫుట్‌బాల్, హాకీ లాంటి ఆటలకు రెండూ కావాలి. అక్కడ జట్టంతటినీ ఒకేసారి ఒకే వేగంతో నాలుగైదు నిమిషాలు పరుగెత్తించి, చివరి నిమిషపు పల్స్ తీసుకునే పద్ధతి బాగా నడుస్తోంది.

పొద్దుటి అంకెలు చూసి వెంటనే నిర్ణయం తీసుకోవాల్సిన సందర్భం ఒకటుంది. పల్స్ మామూలుకంటే ఎనిమిదో పదో ఎక్కువైంది, హెచ్‌ఆర్‌వీ పడిపోయింది, దానికి తోడు గొంతు నొప్పి, ఒళ్లు వెచ్చగా ఉండటం. ఇది ట్రైనింగ్ అలసట కాదు, ఇన్ఫెక్షన్. వైరస్ సోకిన రోజుల్లో బలవంతంగా కష్టమైన ట్రైనింగ్ చేస్తే గుండె కండరానికి వాపు వచ్చే ముప్పు ఉంది, దాన్ని మయోకార్డైటిస్ అంటారు. జ్వరం తగ్గి, పల్స్ పాత స్థాయికి వచ్చేదాకా ఆగాలి. తగ్గాక కూడా తేలికపాటి పరుగుకే పల్స్ విపరీతంగా ఎక్కుతున్నా, ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం ఉన్నా, యాప్‌లో గ్రాఫ్ చూస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.